ఫార్మాట్ కొట్టినా పోని లోపం

మా మేనల్లుడు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు విజయనగరంలో ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాం. షాపు అబ్బాయి ఫార్మాట్ కొట్టి, విండోస్ కొత్తగా ఎక్కించి ఇచ్చాడు. "కొత్తదాంతో సమానం సార్, వైరస్ అన్న మాటే ఉండదు" అన్నాడు. తనకు తెలిసింది చెప్పాడు, తప్పు పట్టను. కానీ అతను ముట్టుకోని చోటు ఒకటి అందులో ఉంది.

పవర్ బటన్ నొక్కగానే విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రామ్ అది. అలవాటు కొద్దీ బయోస్ అంటాం, ఇప్పటి వాటిలో ఉండేది యూఈఎఫ్ఐ. మదర్‌బోర్డు మీద చిన్న చిప్‌లో ఉంటుంది కాబట్టి ఫార్మాట్ కొట్టినా, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసినా దాన్ని అంటదు. 2018లో కంప్యూటర్ భద్రత చూసే ఈసెట్ సంస్థ పరిశోధకులు బయటపెట్టిన లోజాక్స్ అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్ ఆ చిప్‌లోనే దూరింది. విండోస్ మళ్లీ ఎక్కించినా తిరిగి పుట్టుకొచ్చేది.

2022 ఏప్రిల్‌లో అదే సంస్థ లెనోవో ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో మూడు భద్రతా లోపాలు చూపించింది. వందకు పైగా మోడళ్లలో ఉన్నాయవి. వాటిలో రెండింటికి కారణం, ఫ్యాక్టరీలో తయారీ సమయానికే ఉద్దేశించిన డ్రైవర్లనే చిన్న ప్రోగ్రాములు పొరపాటున అలాగే ఉండిపోవడం. మేస్త్రి ఇల్లు కట్టేసి పరంజా విప్పకుండా వెళ్లిపోతే, దొంగకు నిచ్చెన వేరే అక్కర్లేదు కదా! కంపెనీ కొత్త బయోస్ విడుదల చేసింది. కానీ సపోర్ట్ గడువు, అంటే కంపెనీ అప్‌డేట్లు ఇచ్చే కాలం, ముగిసిన మోడళ్లకు అది రాలేదు.

నా బాధ అక్కడే. ఎచ్చెర్ల, రాజాం, విజయనగరం చుట్టుపక్కల కాలేజీల్లో పిల్లల చేతుల్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఎవరో నాలుగైదేళ్లు వాడి వదిలేసినవే. ఆ వయసులోనే గడువు దాటిపోతుంది.

"మన ల్యాప్‌టాప్ మీద ఎవరు దాడి చేస్తారు?" అని అడుగుతారు. నిజమే, లోజాక్స్ లాంటివి సామాన్యుల కోసం చేసినవి కావు. మనకు రోజూ ఎదురయ్యేది ఓటీపీ మోసమే. పైగా లెనోవో లోపాలు వాడుకోవాలంటే దాడి చేసేవాడికి ముందు అడ్మిన్ అధికారం, అంటే ల్యాప్‌టాప్‌లో ఏదైనా మార్చగల అనుమతి, కావాలి. కానీ మన పిల్లలు ఆ అధికారాన్ని తామే ఇచ్చేస్తున్నారు. డబ్బు కట్టకుండా వాడుకునేలా క్రాక్ చేసిన డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు "యాంటీవైరస్ ఆపండి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కండి" అని ఉంటుంది. నొక్కేస్తారు. డబ్బు లేకే కదా అది వాడేది.

ఇంకో చిక్కు బ్యాటరీ. మావాడి ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకితే ఆగిపోయేది. బయోస్ అప్‌డేట్ పెడితే బ్యాటరీలో ఛార్జ్ లేదని మొరాయించింది. ఆ నిబంధన సరైనదే. మధ్యలో కరెంటు పోతే మళ్లీ లేవకపోవచ్చు, గాలివాన వస్తే కరెంటు తీసేసే ఊళ్లు మనవి. కానీ అలా బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్, ఉన్న మందు కూడా అందక మిగిలిపోతుంది. మేం బ్యాటరీ మార్పించాకే అప్‌డేట్ ఎక్కింది. మావాడు ఆ పావుగంటా టెన్షన్‌తో స్క్రీన్ ముందు నుంచి కదల్లేదు.

ఈ భారం విద్యార్థి మీద వేయడం అన్యాయం. ల్యాప్‌టాప్ పదేళ్లు నడుస్తుందని తెలిసిన కంపెనీలు, భద్రతా లోపాలకైనా పదేళ్లు మందు ఇవ్వాలి. కాలేజీ ల్యాబుల్లో ఏడాదికి ఒక రోజు పిల్లల ల్యాప్‌టాప్‌లకు బయోస్ అప్‌డేట్ చేసిపెట్టొచ్చు, పెద్ద ఖర్చేం కాదు. ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత అని స్టిక్కర్ అంటించే షాపు, దాని పక్కనే బయోస్ తేదీ కూడా రాయాలి.