టీకి వెళ్లిన ట్రేసర్

సాయంత్రం నాలుగుంబావుకి బిల్లింగ్ ప్రాసెస్ బిగుసుకుపోయింది. సీపీయూ వాడకం సున్నా. లాగ్ చివరి పంక్తి సగంలోనే ఆగింది. లినక్స్ తెలిసినవాళ్లు ఇలాంటప్పుడు చేసే పనే ఆపరేషన్స్ కుర్రాడూ చేశాడు: నడుస్తున్న ప్రాసెస్ ఏం చేస్తోందో చూపే ఎస్‌ట్రేస్ పిలిచి, మైనస్ పి పక్కన ప్రాసెస్ నంబరు 4127 కొట్టాడు. ఏ సిస్టమ్ కాల్ దగ్గర, అంటే లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌ని ఏమడిగే చోట, ఇరుక్కుందో అది చెప్పాలి. అది చెప్పింది ఒక్కటే: "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్."

సర్వాధికారి అయిన రూట్ హోదా ఇచ్చే సుడో పెట్టాడు. అదే జవాబు. రూట్‌కి కూడా కుదరదంటే, కొత్తల్లుడికి అత్తారింట్లో కాఫీ లేదన్నట్టే.

"అది యామా పని అన్నా! పీట్రేస్ స్కోప్ 1లో ఉండుంటది, సున్నా చెయ్యి," అని పక్క సీటు సలహా. యామా అంటే, ఒక ప్రాసెస్ ఇంకోదాన్ని పట్టి ట్రేస్ చేయడాన్ని అదుపులో పెట్టే కెర్నెల్ కాపలా; దాని మీటే పీట్రేస్ స్కోప్. స్కోప్ 1 అంటే కడుపున పుట్టిన ప్రాసెస్‌ల మీదే పెత్తనం, ఊళ్లోవాళ్ల పిల్లల జోలికి పోకూడదని. మామూలు రూట్‌కి ఆ కట్టుబాటు వర్తించదు కాబట్టి, సుడో విఫలమైనప్పుడే ఆ అనుమానం తీరిపోవాలి. తీరలేదు, సున్నా చేశారు. సర్వర్ తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ప్రాసెస్ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

అప్పుడు ఒక సీనియర్ వచ్చి, ప్రాసెస్‌ల వివరాలు చూపే ప్రాక్ ఫోల్డర్ కింద 4127లో స్టేటస్ ఫైలు తెరిచింది. స్టేట్ దగ్గర చిన్న 't', అంటే ట్రేసింగ్ స్టాప్: ట్రేస్ చేసేవాడి చేతిలో ఆగి ఉందని. కాస్త కిందే, ట్రేస్ చేసే ప్రాసెస్ నంబరు చూపే ట్రేసర్‌పిడ్: 3980. అక్కడ సున్నా కాక ఇంకేం ఉన్నా, మనకంటే ముందే ఎవరో చెయ్యి వేశారని అర్థం. ప్రాసెస్‌లో నడిచే ఒక్కో పనిదారి థ్రెడ్. ఒక థ్రెడ్‌కి ఒకసారికి ఒక్క ట్రేసరే. రెండోవాడు రూట్ అయినా కెర్నెల్ గుమ్మం దాటనివ్వదు. ఎస్‌ట్రేస్ ఈ ముక్క చెప్పదు. అదే, బగ్‌లు వెతికే డీబగ్గర్ జీడీబీతో ప్రయత్నించి ఉంటే, ఇప్పటికే ఫలానా నంబరువాడు ట్రేస్ చేస్తున్నాడని చాడీ చెప్పేసేది.

3980 ఎవరో కాదు, డెవలపర్ గారి జీడీబీ. రీఫండ్ ఫంక్షన్‌లో బగ్ ఉందని ఆయన గట్టి నమ్మకం. లైవ్ ప్రాసెస్‌కే తగిలించి, ఆ ఫంక్షన్ మీద, అక్కడికి రాగానే ప్రాసెస్ ఆగిపోయేలా, బ్రేక్‌పాయింట్ పెట్టి, కంటిన్యూ కొట్టి, రీఫండ్ వచ్చేలోపు టీ తాగొద్దామని దిగారు. రీఫండ్ రానే వచ్చింది. ప్రాసెస్ బుద్ధిగా ఆగి, యజమాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. యజమాని ఫోన్ సైలెంట్‌లో ఉంది.

వదిలేసి వెళ్లిన టెర్మినల్‌నీ నడిపిస్తూ ఉంచే టీమక్స్‌లో ఆయన సెషన్ దొరికింది. కుర్రాడు కంటిన్యూ అనే అర్థంలో 'సి' కొట్టాడు. బిల్లులు కదిలాయి, మేనేజర్ ముఖం వికసించింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఈ శని ఇంకా దేనికి?" అంటూ కిల్ మైనస్ 9 తో 3980ని లేపేశాడు.

ఏడు నిమిషాల తర్వాత మరో రీఫండ్ వచ్చింది. ప్రాసెస్ చచ్చింది. "ట్రేస్ బ్రేక్‌పాయింట్ ట్రాప్, కోర్ డంప్డ్."

ఎక్స్86 ప్రాసెసర్లలో బ్రేక్‌పాయింట్ అంటే, ఆ చోటి ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైటు తీసి హెక్సాలో సీసీ, అంటే 'ఇక్కడ ఆగు' అనే ఆదేశం, పెట్టడమే. తీసిన అసలు బైటు జీడీబీ జ్ఞాపకంలో ఉంటుంది. మైనస్ 9 తగిలితే దాన్ని తిరిగి పెట్టే వ్యవధి జీడీబీకి ఉండదు. మ్యాన్‌హోల్ మూత తీసినవాడు మూతతో సహా మాయమైనట్టు. కెర్నెల్ ప్రాసెస్‌ని విడిపించి పొమ్మంటుందే కానీ, గుంత పూడ్చదు. తర్వాత అటు నడిచిన థ్రెడ్‌కి సిగ్‌ట్రాప్. ఆ ఆపు సిగ్నల్‌ని పట్టుకునే ట్రేసర్ లేడు, మొత్తం ప్రాసెసే పోతుంది. కంట్రోల్ సి కొట్టి, ప్రాంప్ట్ రాగానే డిటాచ్ అని ఉంటే, జీడీబీ మూతలన్నీ పెట్టేసి మర్యాదగా వెళ్లిపోయేది.

అదృష్టమేమిటంటే, మారింది మెమరీలో ఆ పేజీకి ఉన్న సొంత ప్రతి మాత్రమే, డిస్కు మీది ఫైలు చెక్కుచెదరలేదు. రీస్టార్ట్ చేయగానే అంతా మామూలైంది. పీట్రేస్ స్కోప్ మాత్రం సున్నాలోనే ఉండిపోయింది, దాని సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఇంతలో డెవలపర్ గారు వచ్చారు. చచ్చిన ప్రాసెస్ మెమరీ నకలైన కోర్ ఫైలు తెరిచి, ఏ ఫంక్షన్‌లో పోయిందో చూపే బ్యాక్‌ట్రేస్ చూసి, టేబుల్ చరిచారు:

"చూశారా? సరిగ్గా రీఫండ్ ఫంక్షన్ మొదట్లోనే క్రాష్! బగ్ అక్కడే ఉందని పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నానా లేదా?"