మొరాయించిన మోటారు సైకిలు గారికి విన్నపం

మహారాజశ్రీ ఏపీ 09 శ్రేణి మోటారు సైకిలు గారి దివ్య సముఖమునకు, చిక్కడపల్లి నివాసి, తమ కిక్కు రాడ్డుకు ముప్పై ఏళ్లుగా ఊడిగం చేస్తున్న సేవకుడు వ్రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన పెద్దల ఆచారమే గాని, ఆ మాట రాయడానికి నాకు చేయి రావడం లేదు. తమరికి నిన్ననే నయమైంది. నా కుడి మోకాలికి ఇంకా కాలేదు.

తమరు మా గడప తొక్కింది 1996లో. ఆ తరువాత రాష్ట్రం రెండయింది, కొత్త బండ్లకు టీఎస్ వచ్చింది, 2024 మార్చిలో అదీ పోయి టీజీ వచ్చింది. తమరు మాత్రం ఖైరతాబాదు రవాణా కార్యాలయం వారు కట్టబెట్టిన ఏపీ 09నే బిరుదుగా మోస్తున్నారు. మొదటి పదిహేనేళ్లు నిండాక అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగింపునకు తమరిని తలంటి తీసుకువెళ్లడం నా వంతు. నా పెళ్లిరోజు మరచిపోయిన సందర్భాలున్నాయి గాని ఆ తేదీ ఎన్నడూ మరచిపోలేదు.

తమరిని నిద్ర లేపడానికి ఒక పద్ధతి ఉన్నదని నాకు తెలుసు. సిలిండరులో ఒత్తిడి వదిలించే డీకంప్రెషన్ మీట నొక్కి పట్టుకుని, కిక్కును మెల్లగా దించుతూ, కరెంటును చూపే అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చిన క్షణాన ఆగి, మీట వదలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి ఒక్క తోపు తొక్కాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా రాడ్డు తిరగబడి పిక్కను పలకరిస్తుంది. ఇన్నేళ్లలో సంధ్యావందనంలో తప్పులు దొర్లాయేమో గాని, ఈ క్రమంలో దొర్లలేదు. అయినా ఈ దసరా వెళ్లిన మూడో రోజు నుంచి తమరు నాతో మాట మానేశారు.

ఆ మానడమైనా ఒక తీరుగా ఉండి ఉంటే భరించేవాడిని. ఇంటి దగ్గర బుద్ధిగా బయలుదేరి, నారాయణగూడ దాటి, హిమాయత్‌నగర్ దాటి, సరిగ్గా లిబర్టీ దగ్గర, వెనుక ఆర్టీసీ బస్సు హారను మోగిస్తున్నప్పుడే తమరు దగ్గడం, దగ్గి ఆగిపోవడం, ముప్పై కిక్కులకు కూడా ఉలకకపోవడం, నేను చెమట తుడుచుకుని ఒక టీ తాగి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ఒక్క కిక్కుకే లేవడం! అందులోనూ ట్యాంకు నిండా పోయించిన రోజునే ఈ వేషాలు ఎక్కువ. కడుపు నిండితే కళ్లు నెత్తికెక్కడం మనుషులకే అనుకున్నాను. మరునాటి ఉదయమైతే మెట్ల కిందనుంచి బయటికే రాలేదు.

తమరు ఆగిపోతే ఈ నగరంలో సలహాలకు కరవుండదు. పై వాటాలో విశ్రాంత ఇంజనీరు గారు, పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారని, అది నీటిని పీల్చుతుందని, పాత రబ్బరు పైపులకు పడదని అరగంట ప్రసంగించారు. అందులో అబద్ధమేమీ లేదు. రోగం మాత్రం అది కాదు. పాలబ్బాయి, నిప్పురవ్వకు తోడ్పడే కండెన్సరు చెడిందన్నాడు. ఇస్త్రీ బండాయన ఏమీ అనకుండా తమరిని చూసి నిట్టూర్చాడు. అందరిలోకీ నన్ను ఎక్కువ కుంగదీసింది ఆయనే.

నేనూ ఊరుకోలేదు. ప్లగ్గు విప్పాను. దాని తీగ క్యాపులో గుచ్చి, లోహపు ఒంటిని సిలిండరు రెక్కకు ఆనించి కిక్కు కొడితే నీలి నిప్పురవ్వ టపటపా వచ్చింది. ప్లగ్గు కొస పొడిగా, శుభ్రంగా, ఎండలో ఆరవేసిన బియ్యపు గింజలా ఉంది. ఎంత శుభ్రంగా ఉంచుకున్నానో అని మురిసిపోయాను. అన్ని కిక్కులు కొట్టాక ప్లగ్గు తడిగా ఉంటే పెట్రోలు వస్తున్నట్టు, పొడిగా ఉంటే అసలు రానట్టు. పదో తరగతి పిల్లవాడికి తట్టే ఈ సంగతి నాకు తట్టలేదు. ట్యాంకులో పెట్రోలుందా అన్న అనుమానం రాకపోలేదు. అయితే ముందురోజే పోయించిన వాడిని మూత తీసి చూడడం నామోషీ అనిపించి, తమరిని అటూ ఇటూ ఊపి, ట్యాంకుకు చెవి ఆనించి, గలగల విని తృప్తి పడ్డాను.

తమరి అసలు నటన మెకానిక్కుల ముందు చూశాను. ముగ్గురి దగ్గరికి తోసుకువెళ్లాను. ముగ్గురూ ట్యాంకు మూత తీసి లోపలికి తొంగిచూశారు, మూశారు, ఒక్క కిక్కు కొట్టారు, తమరు కొత్త పెళ్లికొడుకులా లేచారు. ఆ లేచినదానికి కారణం వెతుక్కునే బాధ్యత వారి మీద పడడంతో, ఒకరు పాయింట్లు, కండెన్సరు మార్చారు, ఒకరు కార్బురేటరు కడిగారు, ఒకరు పుత్లీబౌలి నుంచి కొత్త పెట్రోలు పైపు తెప్పించారు. మూడుసార్లూ లిబర్టీ దగ్గరే ఆగాము.

నిన్న ఆ లిబర్టీ దగ్గరే, పక్క సందులోని ముసలి ఉస్తాద్ సామాను పెట్టె కూడా తెరవకుండా, మూత తాళం తీయించి, చెవి దానికి దగ్గరగా పెట్టి తిప్పాడు. ఉస్స్‌మని గాలి లోపలికి దూరింది. “గాడీకూ సాన్స్ నై ఆరీ సాబ్” అన్నాడు, అంటే బండికి ఊపిరాడడం లేదని. పెట్రోలు కిందికి దిగాలంటే దిగినంత మేర గాలి లోపలికి పోవాలి; అందుకే మూత నడుమ సూది బెజ్జమంత రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే లోపల గాలి పలచబడి పెట్రోలును పట్టి ఉంచుతుంది. ట్యాంకు నిండా ఉంటే గాలికి చోటు తక్కువ గనుక అది మరీ త్వరగా జరుగుతుంది. ఉస్తాద్ గుండుసూదితో ఆ రంధ్రం పొడిచి, రాలిన దానిని నా అరచేతిలో పోశాడు. పచ్చగా ఉంది. వాసన చూశాను. పసుపు.

దసరాకు వాహనపూజ చేసినది నేనే. హెడ్‌లైటు మీద బొట్టు చాలునని మా ఆవిడ చెబుతూనే ఉంది. తమరి నెత్తిన కాకపోతే ఎక్కడ పెడతానని గంధం, పసుపు కలిపి మూత మీద గట్టిగా మెత్తి, మధ్యలో కుంకుమ అద్ది, దండం కూడా పెట్టుకున్నాను. తమరు ఊపిరాడక అల్లాడుతుంటే నేను కండెన్సర్లు కొంటూ తిరిగాను.

కాబట్టి తమరిని వేడుకునేది ఒకటే. ఈ పసుపు సంగతి మెట్ల కిందనే ఉండాలి, మేడ మీదికి రాకూడదు. మారిన సామాను బిల్లులన్నీ ఆవిడ దగ్గర భద్రంగా ఉన్నాయి, మొత్తం కూడా వేసి పెట్టుకున్నది. కండెన్సరు వల్లే నయమైందని ప్రస్తుతానికి ఆవిడ నమ్ముతున్నది.

ఇట్లు
తమ విధేయుడు