శిక్ష పడితేనే ఆసరానా?

జైళ్లు మారాయని చెప్పాలంటే అధికారులు చూపించే ఫొటోలు కొన్ని ఉంటాయి. పెట్రోల్ బంకులో యూనిఫాం వేసుకున్న ఖైదీ, మగ్గం ముందు కూర్చున్న ఖైదీ, బేకరీలో బ్రెడ్డు కాలుస్తున్న ఖైదీ. అవి అబద్ధమని మేము అనడం లేదు. మంచి పనులే. కానీ ఆ ఫొటోల్లో కనిపించేవాళ్లు దాదాపుగా శిక్ష పడి సెంట్రల్ జైళ్లలో ఉన్నవాళ్లు. తిరుపతి సబ్ జైల్లోనో, చిత్తూరు జిల్లా జైల్లోనో నెలల తరబడి రిమాండ్‌లో, అంటే కేసు తేలకముందే ఖైదీగా, ఉండి వచ్చినవాడికి అందులో దక్కేది ఏమీ లేదు.

మన జైళ్ల వ్యవస్థను కట్టిన తీరే అలాంటిది. రాజ్యాంగం జైళ్లను రాష్ట్రాల జాబితాలో పెట్టింది కాబట్టి ఇది పూర్తిగా రాష్ట్ర హోం శాఖ వ్యవహారం. రాజమహేంద్రవరం, విశాఖపట్నం, నెల్లూరు, కడపల్లో సెంట్రల్ జైళ్లు, అనంతపురంలో ఓపెన్ ఎయిర్ జైలు, వాటి కింద జిల్లా జైళ్లు, సబ్ జైళ్లు. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో సెంట్రల్ జైలు లేదు. పెద్ద శిక్ష పడితే కడపకో నెల్లూరుకో పోవాల్సిందే. మనకు దగ్గర్లోని మహిళల ప్రత్యేక జైలూ కడపలోనే. కుప్పం నుంచి ములాఖత్‌కు అంత దూరం వెళ్లిరావాలంటే కూలి పని చేసుకునే కుటుంబానికి ఒక రోజు పని, బస్సు చార్జీలు రెండూ పోయినట్టే.

దూరమైతే దూరంగానీ సెంట్రల్ జైల్లో ఒక పద్ధతి ఉంది. పని చేస్తే కూలి జమవుతుంది. నడవడిక బాగుంటే రెమిషన్ (శిక్ష తగ్గింపు), పెరోల్ (తాత్కాలిక విడుదల). కొందరికి ఓపెన్ జైలు. ఇగ్నో ద్వారా చదువుకోవచ్చు. రిమాండ్ ఖైదీ చేత మాత్రం పని చేయించకూడదు, నేరం రుజువు కాలేదు కాబట్టి. సూత్రం సరైనదే. ఆచరణలో అది ‘వీళ్లకు ఏమీ నేర్పక్కర్లేదు, ఏమీ ఇవ్వక్కర్లేదు’ అన్నట్టుగా తయారైంది. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5.73 లక్షల మంది ఉంటే, అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలేనని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. పునరావాసం పేరుతో మనం చేసేదంతా మిగిలిన పాతిక శాతం కోసమన్నమాట.

శేషాచలం అడవులున్న మన ప్రాంతంలో ఈ సంగతికి మరో ముఖం ఉంది. తమిళనాడులోని జవ్వాదు కొండల నుంచి, తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల నుంచి ఎర్రచందనం దుంగలు కొట్టడానికి వచ్చి దొరికిపోయేవాళ్లలో చాలామంది కూలీలే. దుంగ మీద అసలు లాభం తినేవాడు అడవిలో కనిపించడు. ఈ కూలీకి తెలుగు రాదు, ఇక్కడ తెలిసినవాళ్లు ఉండరు. బెయిల్ వచ్చినా ష్యూరిటీ ఎవరు పెడతారు? ఒక కేసులో బెయిల్ చేతికందేలోపు మరో కేసులో పీటీ వారంట్ (జైల్లో ఉన్నవాణ్ని ఆ కేసులోనూ కోర్టు ముందు హాజరుపరచమనే ఉత్తర్వు) వస్తే కథ మళ్లీ మొదటికే. అడవిని నరికితే శిక్ష పడాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. ఆ శిక్ష కోర్టు తీర్పుతో పడాలిగానీ జామీను దొరకనందుకు కాదు.

మరో జిల్లావాడన్న కారణంతో ష్యూరిటీని తోసిపుచ్చడాన్ని సుప్రీంకోర్టు 1978లోనే మోతీరాం కేసులో తప్పుపట్టింది. ఊరుగాని ఊర్లో అరెస్టయిన తమిళుడో ఆంధ్రుడో ఏం చేయాలని జస్టిస్ కృష్ణయ్యర్ ఆనాడే అడిగారు. మళ్లీ 2023 జనవరిలో అదే కోర్టు ఇంకా వివరంగా చెప్పింది: బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి, నెల దాటినా పూచీకత్తు కట్టలేకపోతే షరతులు సడలించే విషయాన్ని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకమూ తెచ్చింది. బెయిల్‌కు 40 వేల రూపాయల దాకా, జరిమానాకు 25 వేల దాకా సాయం అందేలా అప్పట్లో నిబంధనలు పెట్టారు. నిర్ణయించేది కలెక్టర్, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, ఎస్పీ తదితరులుండే జిల్లా కమిటీ.

సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే బాండు మీద విడుదల చేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు పెండింగ్‌లో ఉన్నా వర్తించదు. ఈ రెండో మినహాయింపు ఎర్రచందనం కూలీలాంటి వాడి మీదే ఎక్కువ పడుతుందని వేరే చెప్పాలా!

ఇదంతా గేటు లోపలి మాట. గేటు దాటాక పరిస్థితి ఇంకా తీసికట్టు. తిరుపతిలో బతుకుతెరువంటే లాడ్జీ, హోటల్, ట్రావెల్స్ వాహనం, కొండ మీద కాంట్రాక్టు పని, లేదంటే శ్రీసిటీ ఫ్యాక్టరీ. వీటిలో చాలాచోట్ల పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు. కేసు కొట్టేసినా ‘జైలుకెళ్లొచ్చినోడు’ అన్న పేరు పోదు. తప్పుడు కేసులో నలిగినవాళ్లకు పరిహారం ఇచ్చేలా చట్టం తేవాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ చట్టం రాలేదు. విడుదలయ్యాక ఆసరా ఇవ్వడం కూడా జైళ్ల శాఖ విధే కావాలని జైళ్ల సంస్కరణల కోసం కేంద్రం వేసిన ముల్లా కమిటీ చెప్పి నలభై ఏళ్లు దాటింది. దాని గురించి అడిగేవాళ్లే తగ్గిపోయారు.

కొత్త భవనాలు కట్టమని మేము అడగడం లేదు. సబ్ జైల్లో అడుగుపెట్టిన వారంలోపే ప్రతి రిమాండ్ ఖైదీతో అతని భాషలో మాట్లాడే మనిషి ఉండాలి. తిరుపతి, చిత్తూరు జైళ్లకు తమిళం వచ్చిన పారాలీగల్ వాలంటీర్లను (న్యాయ సహాయంలో తోడ్పడే వాలంటీర్లను) వెతకడం కష్టమేమీ కాదు, మన సరిహద్దు మండలాల్లో రెండు భాషలూ మాట్లాడేవాళ్లు బోలెడుమంది. ఇష్టపడి నేర్చుకుంటామనే విచారణ ఖైదీలకు డ్రైవింగ్, వంట, వైరింగ్ లాంటి పనులు నేర్పించాలి. కేసు వీగిపోయినవాడి పోలీసు వెరిఫికేషన్‌లో ఆ సంగతి స్పష్టంగా రాయాలి. ఇక పేద ఖైదీల పథకం కింద మన రెండు జిల్లాల కమిటీలు ఎన్నిసార్లు కూర్చున్నాయో, ఎంతమందికి డబ్బు కట్టి విడిపించాయో మూడు నెలలకొకసారి ప్రకటించాలి. తొలి లెక్కను ఇద్దరు కలెక్టర్లూ ఈ నెలలోనే బయటపెట్టాలని కోరుతున్నాం.