సముద్రం అలా బయటికెళ్లింది

మేం బీచ్‌కి వెళ్లేసరికి సముద్రం లేదు.

అతిశయోక్తి కాదండీ. ఇసుక ఉంది, కొబ్బరిబోండాల బండి ఉంది, ఒక పక్కకి ఒరిగి కూర్చున్న పడవలున్నాయి, వాటి అవతల నల్లటి రాళ్లు, రాళ్ల మధ్య గుంటల్లో చీలమండ లోతు నీళ్లు. సముద్రమేమో ఎక్కడో దూరంగా, మనల్ని పిలవని పెళ్లిలా మెరుస్తోంది. నా నెత్తిమీద నీళ్లలో చూసే మాస్క్, చేతిలో ఈతకి కాళ్లకి తొడుక్కునే ఫిన్స్, పక్కన ఆరేళ్ల మా చిట్టి. "నీళ్లేవి నాన్నా?" అంది. వెనక మా అమ్మ ఏమీ అనలేదు. మా అమ్మ ఏమీ అనకపోవడమంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అసలు సంగతేమిటంటే, చిట్టికి స్నార్కెలింగ్ చేయించాలన్నది నా ఆలోచన, అంటే మాస్క్ పెట్టుకుని, గొట్టంతో ఊపిరి తీసుకుంటూ, నీళ్లలో మొహం పెట్టి చేపల్ని చూడ్డం. మన విశాఖ తీరంలో కుదరదు, అక్కడ నీళ్లలో మన చెయ్యే మనకి కనబడదు, పైగా ఆ అలలకి పిల్లల్ని ఇచ్చేంత ధైర్యం నాకు లేదు. కాబట్టి సంక్రాంతి సెలవుల చివర్లో అండమాన్. మా ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది: "శాంతంగా ఉండే బీచ్ అయితేనే. అల మోకాలు దాటిందంటే పిల్లని దించను."

ఇక చూస్కోండి, నేను ఎక్సెల్ షీటు తెరిచాను. పదకొండు బీచ్‌లు, ఒక్కోదానికి అలలెంత, లోతెంత, అడుగున ఇసుకా రాళ్లా, బాత్రూముందా, పడవల రద్దీ ఎంత, అన్నీ రాశాను. హేవ్‌లాక్ దీవిలో రాధానగర్ చూడ్డానికి చాలా బావుంటుంది, 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అంది, కానీ ఒడ్డున అంతా ఇసుకే, అలలూ ఉంటాయి. చిట్టి మాస్క్ పెట్టుకుని ఇసుక చూడ్డానికి ఇంత దూరం ఎందుకు? ఎలిఫెంట్ బీచ్‌లో పగడాలున్నాయి, జనమూ ఉన్నారు, వాటర్ స్కూటర్లూ ఉన్నాయి. నార్త్ బే అయితే పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక ఉండే బొమ్మే, చిట్టికి నోటు చూపిస్తే "దీంట్లో చేపలేవి?" అని కొట్టేసింది. కొన్ని చోట్ల మొసళ్లు ఉంటాయని బోర్డులు పెడతారని చదివాను, ఆ కాలమ్ మా ఆవిడ కంటపడకుండా దాచేశాను.

చివరికి తేల్చింది మా అమ్మ. నీల్ దీవి గురించి చదువుతున్నాను. 2018లో దానికి శహీద్ ద్వీప్ అని పేరు మార్చారు, అయినా అందరూ నీల్ అనే అంటారు. అక్కడి బీచ్‌ల పేర్లు భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్. పప్పులో రాళ్లు ఏరుతున్న అమ్మ తలెత్తింది.

"లక్ష్మణుడు వద్దురా. కోపిష్ఠి. భరతుడి దగ్గరికి వెళ్దాం, ఆయన శాంతమూర్తి."

"మరి సీతాపూర్?" అన్నాను కావాలనే.

"సీతమ్మకి ఉన్న కష్టాలు చాలవా, మళ్లీ మనం కూడానా?"

నవ్వి, షీటు చూశాను. సీతాపూర్ వైపు అలలు ఎక్కువట. భరత్‌పూర్ లోతు తక్కువ, అడుగున ఇసుక, ఎదురుగా పగడపు దిబ్బలు అలల్ని దూరంగానే విరిచేస్తాయి, పిల్లలకి అనువైన చోటు. నేను పదిహేను రోజులు కూర్చుని తేల్చినదాన్ని ఆవిడ రామాయణంతో రెండు నిమిషాల్లో తేల్చేసింది. అది ఒప్పుకోవడం ఇష్టం లేక షీట్‌కి ఇంకో రెండు రంగులు వేశాను.

తర్వాత సామాన్ల గొడవ. అక్కడ అద్దెకిస్తారంటే, "ఊరందరూ నోట్లో పెట్టుకున్న గొట్టమా? ఎంగిలి!" అని అమ్మ తీర్పు. అందుకని హైదరాబాద్‌లోనే రెండు జతలు కొన్నాం, చిట్టికి చిన్నది, నాకు పెద్దది. షాపు కుర్రాడు మంచి కిటుకు చెప్పాడు: బెల్టు తగిలించకుండా మాస్క్‌ని మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చాలి, చేతులు తీసేసినా అది మొహాన్నే అంటుకుని ఉంటే సరిపోయినట్టు. చిట్టిది అంటుకుంది. నాది కిందపడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పడింది. కుర్రాడు నా మీసం వైపు చూశాడు, నేను రేటు వైపు చూశాను, ఇద్దరం ఆ విషయం అక్కడితో వదిలేశాం.

ఇంటికొచ్చాక చిట్టికి పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ప్రాక్టీసు. అడుగున చెంచాలు, గోళీలు వేసి, ముక్కు సంగతి మర్చిపోయి నోటితో ఊపిరి తీసుకోమంటే, మూడు రోజుల్లో నేర్చేసుకుంది. నా మాస్క్ మాత్రం రెండో రోజు నుంచీ కనబడలేదు. వెతగ్గా వెతగ్గా వంటింట్లో దొరికింది, అమ్మ మొహం మీద. ఆవిడ నింపాదిగా రెండు కిలోల ఉల్లిపాయలు తరుగుతోంది. "ఒక్క చుక్క నీళ్లు రాలేదురా కంట్లోంచి! ఎన్నాళ్లకి పనికొచ్చే వస్తువు కొన్నావు" అంది. ముక్కూ కళ్లూ మూసుకుపోతాయి కదా, రావు మరి.

టికెట్లు తీసిన రోజు మాత్రం పేచీ పెట్టింది. మేం నీల్ చేరేది అమావాస్య నాడు. "అమావాస్య నాడు ప్రయాణాలేమిట్రా" అంటే, సైన్సు చదువుకున్నవాణ్ణి కదా, పావుగంట క్లాసు పీకాను. చంద్రుడు కనబడకపోతే మనకేమిటమ్మా నష్టం అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

సరే, విమానం, ఫెర్రీ, ఫెర్రీలో మా ఆవిడకి వాంతులు, అవన్నీ మామూలే. నీల్‌లో దిగి, భోంచేసి, మూడున్నరకి భరత్‌పూర్ చేరాం. ఆ తర్వాతే మొదట్లో చెప్పిన సన్నివేశం.

నిలబడి చూస్తున్నాం. పడవ పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకాయన మమ్మల్ని చూసి, మా మాటలు విని, లేచి వచ్చాడు.

"ఏటి బాబూ, ఇప్పుడొచ్చీసినారు? నీరు లాగీసింది కదా."

శ్రీకాకుళం! అండమాన్‌లో మనవాళ్లు, అందులోనూ శ్రీకాకుళం వైపు మత్స్యకారులు చాలామంది ఉన్నారని తెలుసు కానీ, సముద్రం పోగొట్టుకుని నిలబడ్డ వేళ ఆ యాస వింటే మేనమామ కనిపించినట్టయింది.

"ఎక్కడికి లాగేసింది?" అన్నాను, ఏదో అడ్రసు చెబుతాడన్నట్టు.

"అమాస గదా బాబూ. అమాసకీ పున్నానికీ పోటు పెద్దది, ఆటూ పెద్దదే. రేపు పొద్దున్న పదింటికి రండి, నిండుగుంటది."

అమ్మ ఇప్పుడు కూడా ఏమీ అనలేదు. కొంగు సర్దుకుంది, అంతే. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలోకి వచ్చి నీళ్లని లాగుతారని, ఆ రోజుల్లో సముద్రం ఎంత పైకొస్తుందో అంత వెనక్కీ పోతుందని, ఆరుగంటల తేడాలో ఆటూ పోటూ మారతాయని నాకు తెలియక కాదు, పరీక్షల్లో బొమ్మ వేసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. పదకొండు బీచ్‌లకి పదహారు కాలమ్స్ రాసినవాణ్ణి, ఏ టైముకి వెళ్లాలన్న కాలమ్ ఒక్కటీ రాయలేదు. శాంతమైన సముద్రం కావాలన్నాం, ఇంతకంటే శాంతంగా ఏ సముద్రముంటుంది?

సాయంత్రం ఐదుంబావుకే పొద్దుగూకుతుంది అక్కడ. ఈలోపు నేను ఊరుకోలేక ఫిన్స్ తొడుక్కుని, ఆ చీలమండ లోతులోనే ముందుకెళ్లబోయాను. ఫిన్స్‌తో వెనక్కి నడవాలిట, నాకు తెలీదు, బాతులా నాలుగడుగులేసి గుంటలో కూలబడ్డాను. లేవడానికి ఒక రాయి మీద చెయ్యి వేస్తే పెద్దాయన అరిచాడు. "అది రాయి కాదు బాబూ, దానికీ పేనముంది!" పగడమట. పగడానికి నమస్కారం పెట్టి మోకాళ్ల మీద ఒడ్డుకొచ్చాను. నేను పడ్డ గుంటలోంచి ఒక పీత, నన్ను తిట్టుకుంటూనే అయ్యుంటుంది, అడ్డంగా పరిగెత్తింది. "సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి" అంది అమ్మ. ఆ సాయంత్రం ఆవిడ అన్న మొదటి మాట అదే.

చిట్టి మాత్రం ఇసుకలో ఒక చిన్న గుంట చూసుకుని, మాస్క్ పెట్టుకుని, బోర్లా పడుకుని, అందులో మొహం పెట్టి రెండంగుళాల చేపల్ని చూస్తోంది. టబ్బు ప్రాక్టీసు వృథా పోలేదు. మా ఆవిడ లక్ష్మణ్‌పూర్ దగ్గరున్న రాతి వంతెన చూసొస్తానని వెళ్లిపోయింది. దాన్ని హౌరా బ్రిడ్జి అంటారక్కడ, నీళ్లు తీసినప్పుడే దాని దగ్గరికి నడిచి వెళ్లగలం. అంటే ఇంటిల్లిపాదిలో ఆటుని సరిగ్గా వాడుకున్నది ఆవిడొక్కతే. నేను ఫిన్స్ రెండూ ఒళ్లో పెట్టుకుని ఒడ్డున కూర్చున్నాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుని నన్నూ ఫిన్స్‌నీ మార్చి మార్చి చూసి, "పాదుకలు పట్టుకుని అచ్చం భరతుడిలాగే ఉన్నావురా. పద్నాలుగేళ్లు అక్కర్లేదులే, పొద్దున్న పదింటికి వస్తాడన్నాడుగా" అంది.

పొద్దున్న నిజంగానే వచ్చింది. నిన్న నేను కూలబడ్డ చోట ఇప్పుడు చిట్టి నడుము లోతు, అద్దంలాంటి నీళ్లు, అల అన్నమాటే లేదు. పెద్దాయన లైఫ్ జాకెట్ వేసి, చిట్టి చేతికి గాలి రింగు ఇచ్చి, ఆవిరి పట్టకుండా మాస్క్ అద్దంలోకి తుపుక్కున ఉమ్మాడు.

"ఎంగిలి!" అని అమ్మ వేసిన కేకకి ఒడ్డున కాకులు లేచాయి. ఎవరి మాస్క్‌లో వాళ్లే ఉమ్ముకోవాలని రాజీ కుదిరింది. పుట్టిన దగ్గర్నుంచి ఉమ్మొద్దని మేం తిట్టిన చిట్టికి, ఇప్పుడు ఉమ్మడమే పని అని చెప్పేసరికి, శ్రద్ధగా కడిగి మూడుసార్లు ఉమ్మింది. ఆ తర్వాత నీళ్లలో మొహం పెట్టింది, గొట్టంలోంచి "హూ! హూహూ!" అని కేకలు. ఏదో రంగురంగుల చేప అయ్యుంటుంది.

అయ్యుంటుంది అంటున్నానెందుకంటే నాకేమీ కనబడలేదు. మొహం పెట్టగానే మీసం సందుల్లోంచి నీళ్లు లోపలికొచ్చేశాయి. మా ఆవిడ వాజెలీన్ ఇచ్చింది, మీసానికి దట్టించాను, రెండు నిమిషాలు ఆగాయి, మళ్లీ వచ్చాయి. "మీసం తీసీండి బాబూ" అన్నాడు పెద్దాయన. "తండ్రి బతికుండగా మీసం తీస్తాడా!" అంది అమ్మ. ఉప్పునీళ్లు రెండు గుక్కలు మింగి, మాస్క్ తీసి విసుగ్గా ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ దాన్ని రెండుసార్లు కడిగింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ చూడట్లేదనుకుని లోపల ఉమ్మింది. చీర కుచ్చిళ్లు దోపుకుని, పెద్దాయన చెయ్యి పట్టుకుని మోకాలి లోతుకి వెళ్లి, వంగి మొహం నీళ్లలో పెట్టింది. ఉల్లిపాయల అనుభవం ఊరికే పోతుందా, ఒక్క చుక్క లోపలికి పోలేదు. చిట్టి చలికి వణుకుతూ బయటికొచ్చి, తువ్వాలు చుట్టుకుని, బిస్కెట్లు తినేసి, "నాయనమ్మా, వెళ్దామా?" అని నాలుగుసార్లు అడిగింది. జవాబు లేదు. వంగిన నడుం, పైకి లేచిన గొట్టం, అప్పుడప్పుడు ఒక "హూ!"

అరగంటకి తలెత్తింది. గొట్టం నోట్లోంచి తీసి, "ఒరేయ్, అక్కడో చేప ఉందిరా, ఆ మూతీ, ఆ చూపూ, అచ్చం మీ పెద్దమావయ్యే! ఇందాకణ్ణుంచీ నన్నే చూస్తోంది. పలకరించకపోతే ఏమనుకుంటాడో, ఉండు" అని మళ్లీ మొహం నీళ్లలో పెట్టేసింది.