సవరణ: పీఎంఈజీపీ సబ్సిడీ ముందే చేతికి రాదు

అనంతపురం పల్లెల్లో గానుగ పెట్టాలనుకునే ఆడవాళ్లకు పీఎంఈజీపీ (చిన్న యూనిట్లు పెట్టేవాళ్లకు బ్యాంకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం) కింద 35 శాతం సబ్సిడీ ముందే చేతికొస్తుందని మొన్న రాశాను. అది తప్పు. 35 శాతం నిజమే, ముందే రావడం మాత్రం నిజం కాదు. పథకం మార్గదర్శకాలు మళ్లీ చదివి సరిచేస్తున్నాను.

10 లక్షల యూనిట్ అనుకుందాం. సొంతంగా 50 వేలు పెట్టాలి, 9.5 లక్షలు బ్యాంకు అప్పు. 3.5 లక్షల సబ్సిడీ లబ్ధిదారు పేరిట బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. దానికి వడ్డీ రాదు, అప్పులో అంత భాగానికి బ్యాంకు వడ్డీ వేయదు కూడా. మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలితేనే ఆ మొత్తం అప్పుకు జమ అవుతుంది. మధ్యలో మూతపడితే సబ్సిడీ వెనక్కి పోయి, అప్పు మిగిలే ప్రమాదం ఉంది.

దయచేసి సబ్సిడీ వస్తుందనే ధీమాతో బయట వడ్డీకి తెచ్చి స్థలం కొనకండి. స్థలం ధర ప్రాజెక్టు ఖర్చులో కలవదు. ఇప్పటికే నడుస్తున్న గానుగను కొత్తదిగా చూపినా దరఖాస్తు నిలవదు. అనంతపురం టౌన్‌లో పెడితే మహిళలకు 35 కాదు, 25 శాతమే.