తలెత్తుకునే సీలింగ్

మనిషి ఇంటి గోడలకు రంగులు వేస్తాడు, నేలకు పాలరాయి పరుస్తాడు, కిటికీలకు తెరలు కడతాడు. పైకప్పు ముఖాన మాత్రం ఒక ఫ్యాను, ఒక సాలెగూడు పడేసి చేతులు దులుపుకుంటాడు. గదికి ఆరు ముఖాలుంటే అందులో ఒక దానికి తరతరాలుగా ఇంత అన్యాయం జరుగుతున్నా నోరు మెదిపినవారు లేరు. ఆ బాధ్యత నేనే నెత్తికెత్తుకున్నాను. మా ముందుగదికి నగిషీ రేకుల సీలింగ్ వేశాను. వేయించలేదు, స్వహస్తాలతో వేశాను. ఈ తేడా ముందు ముందు బోధపడుతుంది.

రేకులనగానే పెదవి విరవకండి. రేకుల ఇంట్లో పెరిగినవాడు రెక్కలు ముక్కలు చేసుకుని స్లాబు ఇల్లు కట్టుకుంటాడు. స్లాబు ఇంట్లో కుదురుకున్నాక మరికాస్త కష్టపడి ఆ స్లాబు కిందే రేకులు బిగించుకుంటాడు. నెత్తిన ఒక్క రేకే ఉంటే లేమి, దానిపైన స్లాబు కూడా ఉంటే అభిరుచి.

ఈ అభిరుచికి ఘనమైన వంశచరిత్ర ఉంది. అందులో ప్రతి తరమూ మారువేషమే. యూరప్‌లో కలిగినవారి ఇళ్ళలో పనివాళ్ళు గారతో పైకప్పు మీద లతలూ పువ్వులూ మలిచేవారు. అంత ఖర్చు తట్టుకోలేని అమెరికా ఇల్లాళ్ళూ దుకాణదారులూ 1880ల నుంచి పలచని ఉక్కు రేకును అచ్చుల మధ్య నొక్కించి అవే లతలను చవకగా దింపుకున్నారు. దానికి తెల్లరంగు పూసి గార అన్నారు. పేరేమో టిన్ సీలింగ్. అసలు సరుకు ఉక్కు. తగరం ఉంటే గింటే పైన కళాయి పూతగా ఉంటుంది. 1930ల దాకా ఈ వైభవం సాగింది. ఇప్పుడు అదే లతల ప్లాస్టిక్ పలకలు వస్తున్నాయి. అంటే, గారలా నటించిన ఉక్కులా ప్లాస్టిక్ నటిస్తోందన్నమాట. పైన పటారం లోన లొటారం అంటారు గానీ ఇక్కడ రెండూ పైనే ఉన్నాయి.

అయితే రేకుకు గౌరవప్రదమైన ఉద్యోగం దొరికిన సందర్భం కూడా ఉంది. సిడ్నీ టౌన్ హాల్లో 1889లో పూర్తయిన పెద్ద సభామందిరానికి గార పైకప్పు వేయడానికి భయపడ్డారు. అక్కడ పెట్టబోయే ఆర్గన్ అనే భారీ గొట్టాల వాద్యానికి 64 అడుగుల స్వరస్థాయి, అంటే అతి మంద్రమైన స్వరం ఉంది. అది మోగితే ఆ అదురుకు గార పెళ్ళలు శ్రోతల నెత్తిన రాలతాయని సందేహం. అందుకని అచ్చుపోసిన జింకు రేకులు బిగించారు. మా ఇంట్లో అంతటి వాద్యం లేదు గానీ మా బావగారి తుమ్ము ఉంది. నా నిర్ణయంలో శాస్త్రీయత లేదని ఇకమీదట ఎవరూ అనకూడదు.

ఇక బిగింపు. మేకు నేరుగా స్లాబులోకి దిగదు కాబట్టి ముందు డ్రిల్లుతో రంధ్రాలు వేసి చెక్క రీపర్లు బిగించాలి. అడుగుకొకటి చొప్పున, మట్టం తప్పకుండా. రేకు వచ్చేటప్పుడు ఒంటికి నూనె రాసుకుని వస్తుంది. దాన్ని తుడిచి రెండు వైపులా ప్రైమర్ పూయాలి. ఎవరికీ కనబడని వీపుకు ఎందుకని నేనూ అనుకున్నాను. తుప్పు కూడా అలాగే అనుకుంటుందట, అందుకే అటువైపు నుంచే వస్తుంది. అంచులు బ్లేడుకు తీసిపోవు. తోలు చేతొడుగులు లేకుండా ముట్టుకుంటే ఏమవుతుందో నా ఎడమ బొటనవేలు చెబుతుంది.

అన్నిటికన్నా పెద్ద ఘట్టం గది నడిబొడ్డు కనిపెట్టడం. మూల నుంచి మూలకు రంగు దారం లాగి వదిలితే గీత పడుతుంది, రెండు గీతలు కలిసిన చోటు నుంచి నాలుగు వైపులకూ జరుగుతూ పోవాలి. అప్పుడు తెలిసింది, పన్నెండేళ్ళుగా నేను కాపురం ఉంటున్నది నలుచదరపు గదిలో కాదని. ఉత్తరం గోడ దగ్గర సరిపోయిన పువ్వు దక్షిణం గోడ చేరేసరికి సగానికి తెగింది. రేకు మీద రేకు ఎక్కే అతుకు అంచు గుమ్మంలోంచి వచ్చేవారి వైపు కాక అవతలికి తిరిగి ఉండాలి. నేను మొదటి రెండు వరుసలూ ఇంటి లోపలి నుంచి వచ్చేవారికి దాచాను, అంటే మా వాళ్ళకు. చివరి మూలలో రీపరు తప్పి మేకు గాల్లోకి దిగింది. ఆ రేకు ఇప్పటికీ పొరుగు రేకుల పరపతి మీద నిలబడి ఉంది. తలెత్తుకు తిరగాలని ఈ పని మొదలుపెట్టినవాణ్ణి, పని ముగిశాక నాలుగు రోజులు తల దించలేకపోయాను. కళ్ళు నెత్తికెక్కాయని వీధిలో అనుకున్నారు. మెడ పట్టేసిందని ఎవరికి చెప్పుకోను?

రేకు శబ్దాన్ని మింగదు, తిప్పికొడుతుంది. ఇప్పుడు మా ముందుగదిలో గుసగుసకు కూడా బహిరంగసభ హోదా వచ్చింది. అది నాకు సమ్మతమే. సమ్మతం కానిది ఒకటే: వచ్చినవారు వచ్చినట్టే ఫోను తీసి తల దించుకుంటున్నారు. నేను గొంతు సవరించుకున్నాను, ఫ్యాను వేగం గురించి ప్రస్తావించాను, కారణం లేకుండా పైకి చూసి నిట్టూర్చాను. ఒక పెద్దాయన నాకు అప్పులున్నాయేమోనని ఓదార్చి వెళ్ళారు.

చివరికి బావగారే చూశారు. తుమ్ము రాబోయి తల వెనక్కి వాల్చినప్పుడు.

“ఏమయ్యా, ప్లాస్టిక్‌దేనా? ఈ మధ్య అచ్చం ఇలాగే వస్తున్నాయిలే.”

“ప్లాస్టిక్ కాదు బావగారూ, ఉక్కు!”

“అలాగే అంటారులే అమ్మేవాళ్ళు.”

వంశచరిత్ర అంతా నా కళ్ళ ముందు కదిలింది. ఫ్రిజ్ తలుపు మీదున్న ఆకుపచ్చ చిలుక బొమ్మను, అదే, వీపున అయస్కాంతం ఉన్నదాన్ని పీకి, కుర్చీ ఎక్కి పైన అంటించాను. టప్పున పట్టుకుంది. బావగారు ఒప్పుకున్నారు, తుమ్మారు, వెళ్ళిపోయారు. ఆవేశంలో నేను ఎక్కిన కుర్చీ ఆ చివరి మూలలో ఉందని తర్వాత గమనించాను. చిలుకను లాగితే దానితో పాటు రేకూ కిందికి వస్తోంది.

అందుకని వదిలేశాను. ఇప్పుడు గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివారూ తలెత్తి చూస్తున్నారు. చిలుక చాలా బాగుందనీ ఎక్కడ కొన్నారనీ అడుగుతున్నారు.