రేగిన జుట్టు, లోతైన అర్థం

1839లో ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ తన ఫోటో తానే తీసుకున్నాడు. అందులో ఆయన ఫ్రేమ్ మధ్యలో ఉండడు, ఓ పక్కకి జరిగి ఉంటాడు. తెలియనివాళ్లు దీన్ని గురి తప్పడం అంటారు. మా బోటి విమర్శకులు ‘శూన్యంతో సంభాషణ’ అంటారు.

గిట్టనివాళ్ల వాదన ఒకటుంది. గాజు పలక మీద ఫోకస్ చూసుకుని, ఆ చోట వెండి పూత పూసిన రాగి రేకు పెట్టి, లెన్స్ మూత తీసి, తనే పరుగున వచ్చి కెమెరా ముందు నిలబడాల్సిన మనిషి సరిగ్గా మధ్యలో ఎలా నిలబడతాడని. వినడానికి సబబుగానే ఉంది. అందుకే ఇలాంటి వాదనల్ని మేం సెమినార్లకు రానివ్వం.

ఇక కాంతి. కార్నీలియస్ కుటుంబానిది దీపాల వ్యాపారం. అయినా ఫోటో దిగింది దుకాణం వెనక ఆరుబయట. దీపం వెలుతురు ఆ రేకుకు ఏ మూలకూ చాలదు, ఎండలోనే నిమిషాల తరబడి కదలకుండా ఉండాలి అంటారు కెమిస్ట్రీ చదివినవాళ్లు. వాళ్లకి అన్నీ రసాయనాలే. దుకాణం నిండా దీపాలు పెట్టుకుని సూర్యుడి దగ్గరికి వెళ్లడం కృత్రిమత్వం మీద ధిక్కారం కాదూ? చేతులు కట్టుకున్నది కదలకుండా ఉండటానికి కాదు, ధిక్కారం పూర్తిచేయడానికే. జుట్టు రేగి ఉండటం గురించి వేరే వ్యాసం రాస్తాను, ఇక్కడ ఇమడదు.

ఆయన ఎడమ చెంపలోని విషాదం మీద పేజీలు నింపగల పండితులున్నారు. కానీ డాగెరోటైప్‌లో, అంటే ఇలా వెండి పూత రేకు మీద తీసే తొలినాటి ఫోటోలో, అద్దంలో లాగే కుడి ఎడమవుతుంది. కాబట్టి అది కుడి చెంప. విషాదంలో మాత్రం మార్పేమీ లేదు.

ఒక్కటే నన్ను బాధిస్తుంది. ఫోటో వెనక ‘ఇప్పటివరకు తీసిన మొట్టమొదటి కాంతి చిత్రం, 1839’ అన్న అర్థంలో ఇంగ్లీషులో రాసి ఉంది. కంపోజిషన్ గురించి ఒక్క ముక్క లేదు. తర్వాత ఆయన కొన్నేళ్లు స్టూడియో నడిపి, అది వదిలేసి మళ్లీ దీపాల వ్యాపారంలోకి వెళ్లిపోయాడు. లాభం అందులో ఎక్కువని కొందరి ఊహ. కాంతి మీద మమకారం చావకనే వెళ్లాడని నా పరిశోధన.